ఇంటితో పాటు అప్పగించవలసిన మాటలు

ఈ వీలునామా రాస్తున్నది నేనే. ఆసుపత్రి రికార్డుల గదిలో ఇరవై ఏడేళ్ళు పనిచేసి రిటైరైన దాన్ని, బోర్డుల పెయింటరు గారి భార్యను. వయసు డెబ్బై రెండు. మోకాళ్ళు అరిగాయి, ఎడమ చెవి సరిగ్గా వినపడదు, బుద్ధి మాత్రం చోటు తప్పలేదు. ఆ సంగతి డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు, దీనికి జతచేశాను. ఇలా రాయమని నన్నెవరూ బలవంతపెట్టలేదు. పెట్టి నెగ్గినవాళ్ళు ఎవరూ లేరని ఈ ఇంట్లో అందరికీ తెలుసు. ఇంతకుముందు ఎక్కడైనా ఏదైనా రాసి ఉంటే అది రద్దు.

నాకు ఇద్దరు పిల్లలు. పెద్దవాడు టైల్స్ షాపులో మేనేజరు. వాణ్ణి చిన్నప్పటి నుంచి తొందరరాయుడు అంటాం. రెండోది అమ్మాయి, ప్రసూతి వార్డులో నర్సు. ఇద్దరికీ సొంత ఇళ్ళున్నాయి, ఇక్కడికొచ్చి ఉండే అవసరం ఎవరికీ లేదు. కనుక నా తదనంతరం ఈ ఇల్లు అమ్మాలి. ఎలా అమ్మాలన్నదే ఈ కాగితాల్లో అసలు విషయం. దీన్ని అమలు జరిపే బాధ్యత అమ్మాయిది. అన్నయ్య అలుగుతాడు. రెండు రోజులు పలకరించకుండా ఉంటే వాడే సర్దుకుంటాడు.

1. ఇల్లు. హాలు, రెండు గదులు, వంటిల్లు, వెనక వసారా ఉన్న ఈ ఇల్లు నేనూ మా ఆయనా కలిసి కొనుక్కున్నది. ఆయన పోయాక పూర్తిగా నా పేరు మీదికి వచ్చింది. అమ్మితే వచ్చిన డబ్బును పిల్లలిద్దరూ చెరిసగం తీసుకోవాలి, కానీ ఈ కింద 2, 3, 5 అంశాల్లో రాసిన షరతులు నెరవేర్చాకే. షరతు తప్పినవారి వాటా మా ఆసుపత్రిలో బీదరోగుల సహాయానికి పోతుంది. ఇది బెదిరింపు మాట అనుకోవద్దు. వకీలు గారు రెండుసార్లు అడిగి, నా చేత రెండుసార్లూ అవుననిపించుకున్నారు.

2. వెనక గది గోడ. వానాకాలం వస్తే ఈ గోడకు నడుమెత్తు దాకా చెమ్మ ఎక్కుతుంది. పక్కింటి వాననీళ్ళ గొట్టం గోడను ఆనుకుని దిగడం దానికి కారణం. పోయిన నెల మా తొందరరాయుడు ఇల్లు ఇప్పుడే అమ్మేద్దామంటూ వచ్చి, "అమ్మా, ఎండల్లో పుట్టీ పెట్టి రంగు కొట్టించేస్తే ఎవడికి తెలుస్తుందే? వానలొచ్చేలోగా అమ్మేసుకోవచ్చు" అన్నాడు. వాడు తెచ్చిన బ్రోకరు, మేము తేనెసీసా అని పిలుచుకునే ఆయన, "పార్టీ వచ్చినప్పుడు మీరు లోపల కూర్చోండమ్మా, మాట్లాడేది నేను చూసుకుంటాను" అన్నాడు. నేను లోపల కూర్చోలేదు. ఆయనే తన సంచీ తీసుకుని బయటికి వెళ్ళాడు.

గోడకు పుట్టీ పెట్టకూడదు. ఉన్నది ఉన్నట్టు చూపించాలి. వీలైతే కొనేవారిని వాన పడ్డ మర్నాడు ఒకసారి రమ్మని పిలవాలి. ధర తగ్గించమంటే తగ్గించండి. బేరం చెడితే చెడనివ్వండి.

3. మా ఆయన అక్షరాలు. ఈ ఇంట్లో స్విచ్చుల పక్కనా పంపుల మీదా మా ఆయన రంగుతో రాసిన మాటలు పదిహేడు చోట్ల ఉన్నాయి. మెయిన్ బోర్డులో "వంటిల్లు" అన్న స్విచ్చు కట్టేస్తే వెనక గది ఆరిపోతుందని కనిపెట్టి దాన్ని సరిచేసి రాసింది ఆయనే. స్నానాల గది వెనక ఉన్న రెండు వాల్వుల్లో ఒకదాని మీద "ముందు నన్ను", రెండో దాని మీద "తరవాత నన్ను" అని ఉంటుంది. తిప్పే వరస తప్పితే ట్యాంకు నీళ్ళన్నీ వసారాలోకి వస్తాయి. అమ్మేముందు వీటి మీద సున్నం గాని రంగు గాని వేయకూడదు. కొన్నవారు తరవాత చెరిపేసుకుంటే అది వారిష్టం.

ఆ అక్షరాలన్నీ ఛాతీ ఎత్తులోనే ఎందుకున్నాయో మీరెప్పుడైనా ఆలోచించారో లేదో నాకు తెలియదు. ఆయన కుడిచెయ్యి అంతకంటే పైకి లేచేది కాదు.

4. ఉత్తరం. ఇక్కడ రాసేది మీ ఇద్దరికీ ఎదురుగా చెప్పవలసిన మాట. నోరు రాక ఇక్కడ రాస్తున్నాను.

ముప్ఫై ఒక్కేళ్ళ కిందట ఈ ఇల్లు మాకు అమ్మింది ఒక కాంపౌండరు గారు. మీకు ఆయన బల్బుల దొంగగానే తెలుసు. తాళాలు తీసుకుని లోపలికి వస్తే ఒక్క హోల్డరుకూ బల్బు లేదు. హాల్లో ఫ్యాను కూడా లేదు, వైరుకు టేపు చుట్టి ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. చీకటి పడేలోగా బల్బులు తేవాలని మీ నాన్న బజారుకు పరిగెత్తారు. అప్పుడు కాంపౌండరు గారు గేటు దగ్గర సైకిలు ఆపి, నా చేతిలో ఒక పొడుగాటి కవరు పెట్టి, "అమ్మా, ఇది తీరిగ్గా చదువుకోండి" అన్నారు. నేను మొహం తిప్పుకున్నాను. ఫ్యాను పట్టుకుపోయినందుకు ఏవో సాకులు రాసి ఉంటాడనుకున్నాను.

ఆ సాయంత్రం వెనక గదిలో చెక్కబీరువా నిలబెడితే ఒక కాలు ఆనలేదు. కవరు విప్పనైనా విప్పకుండా నాలుగు మడతలు పెట్టి దాని కింద దోపాను. సరిగ్గా కుదిరిందని మురిసిపోయాను కూడా.

ఎనిమిది నెలల తరవాత ఒక ఆదివారం మధ్యాహ్నం మీ నాన్న హాల్లో కింద కూర్చుని రంగులు కలుపుకుంటుంటే, మేము తగిలించుకున్న కొత్త ఫ్యాను కొక్కెంతో సహా ఊడి ఆయన కుడిభుజం మీద పడింది. ఎముక అతుక్కుంది గానీ చెయ్యి మళ్ళీ పైకి లేవలేదు. అప్పటిదాకా మూడంతస్తుల ఎత్తున నిచ్చెన మీద నిలబడి బోర్డులు రాసిన మనిషి, ఆ తరవాత ఇరవై నాలుగేళ్ళు బల్ల ముందు కూర్చుని బండ్ల నంబరు ప్లేట్లు రాశారు. నన్ను ఒక్క మాట అనలేదు, అనడానికి ఆయనకు తెలియదు కదా. తిట్టినప్పుడల్లా కాంపౌండరునే తిట్టారు, "వాడు ఆ పాత ఫ్యాను ఉంచి పోయుంటే నాకీ గతి పట్టేదా" అని. నేనూ వంత పాడాను. మీరిద్దరూ ఆ తిట్లు వింటూ పెరిగారు.

మీ నాన్న పోయి ఆరేళ్ళయింది. రెండేళ్ళ కిందట బీరువాకు చెదలు పట్టిందని జరిపిస్తే కవరు బయటపడింది. రెండు వైపులా నిండా రాసిన కాగితం, పదకొండు విషయాలు. కాంపౌండరు గారు మందుచీటీ రాసినట్టే రాశారు: "మోటారు పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట, అంతకు మించవద్దు." ఏడోది చదివితే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి: "వెనక గది నేల వాలుగా ఉంటుంది. బీరువా పెడితే ఒక కాలు ఆనదు. వసారా గూట్లో చెక్కముక్క ఉంచాను, దోపుకోండి." ఆ చెక్కముక్కను ముప్ఫై ఏళ్ళుగా మనం తలుపు కొట్టుకోకుండా ఆపడానికి వాడుతున్నాం.

మూడోది ఇది: "హాల్లో ఫ్యాను కొక్కెం స్లాబు లోపల తుప్పు పట్టి ఉంది. అందుకే ఫ్యాను విప్పేశాను. కొత్త కొక్కెం వేయించకుండా ఎట్టి పరిస్థితుల్లోనూ ఫ్యాను తగిలించవద్దు."

రికార్డుల గదిలో ఒక్క కాగితం కూడా చదవకుండా ఫైల్లో పెట్టనిదాన్ని నేను. నా ఇంటి కాగితం మాత్రం చదవలేదు. మీ నాన్న చెయ్యి పోవడానికి కారణం నేను. ఆయన ఈ సంగతి తెలియకుండానే పోయారు, దాన్ని ఇప్పుడు ఏ వీలునామాతోనూ సరిచేయలేను. దీనికి నేనెంత ఏడ్చానో రాసినా ప్రయోజనం లేదు కనుక రాయడం లేదు.

5. అప్పగింత. కనుక ఈ ఇల్లు కొన్నవారికి తాళాలు ఇచ్చే రోజు మీరిద్దరూ రావాలి. సెలవు దొరకలేదనడానికి వీల్లేదు. ఇల్లు ఊడ్చి, కడిగి ఉంచాలి. ప్రతి హోల్డరులోనూ వెలిగే బల్బు ఉండాలి. హాల్లో ఫ్యాను ఉండాలి. స్నానాల గదిలో బకెట్టు, మగ్గు, కొత్త సబ్బు ఉంచాలి, సామాను దించుకున్న మొదటి రోజు అవి ఏ మూటలో ఉన్నాయో ఎవరికీ దొరకవు.

నేను తయారుచేసిన జాబితా ఈ కాగితాల వెనక ఉంది, ఇరవై ఆరు విషయాలు. కాంపౌండరు గారి పదకొండూ అందులో ఉన్నాయి. దాన్ని చేతిలో పెట్టి వచ్చేయొద్దు. గదిగదికీ తిప్పి, ఒక్కొక్కటే చదివి, చేత్తో చూపించండి. వెనక తలుపు గడియ కొంచెం పైకెత్తి లాగితేనే వస్తుందని మీరు లాగి చూపించి, వాళ్ళ చేత లాగించండి. చెప్పినవాళ్ళూ విన్నవాళ్ళూ జాబితా కింద సంతకాలు పెట్టాలి. వాళ్ళు మీ మీద ఏదైనా కోపంతో ఉన్నట్టు కనిపిస్తే, ముందు కూర్చోబెట్టి టీ ఇచ్చి, ఆ కోపమేమిటో అడగండి. కోపంలో ఉన్న మనిషికి ఏ కాగితం ఇచ్చినా అది బీరువా కిందికే పోతుంది.

ఏడాది పాటు వాళ్ళు ఫోను చేస్తే ఎత్తాలి. ఇది ముఖ్యంగా తొందరరాయుడికి.

6. సామాన్లు. మీ నాన్న కుంచెలు, గీతలు కొట్టే దారం మా అబ్బాయికి. ఆ దారం బిగించి పట్టుకుని, కదలకుండా నిలబడి, ఒక్కసారి మీటితే గీత తిన్నగా వస్తుంది. చిన్నప్పుడు రెండో కొస పట్టుకున్నది నువ్వే నాన్నా, అప్పుడు మాత్రం నువ్వు తొందరపడేవాడివి కాదు.

చెక్కబీరువా కోడలికి. దానికి మందు కొట్టించాను, ఇక చెదల భయం లేదు. దానితో పాటు గూట్లో చెక్కముక్క కూడా తీసుకెళ్ళమ్మా. మీ కొత్త టైల్స్ నేల మీద అవసరం పడదని మీ ఆయన అంటాడు, నమ్మకు.

కవరూ అందులోని ఉత్తరమూ అమ్మాయికి. చిన్నప్పుడు ఎవరి మీద కోపమొచ్చినా బల్బుల దొంగా అని తిట్టేదానివి. నేర్పింది నేనే.

ఎదురింటి దర్జీకి ఎత్తయిన నా స్టూలు ఇద్దామనుకున్నాను. సాక్షి సంతకం చేసేవారికి వీలునామాలో ఏమీ రాయకూడదని వకీలు గారు అడ్డం చెప్పారు. అందుకని నిన్ననే ఇచ్చేశాను.

7. కాంపౌండరు గారు. ఆయనకు ఎనభై ఆరేళ్ళు, కూతురి దగ్గర ఉంటున్నారు. పోయిన ఏడాది ఆయన పనిచేసిన క్లినిక్కులో అడిగి చిరునామా పట్టుకుని వెళ్ళాను. నన్ను గుర్తుపట్టి, కూర్చోమని కూడా అనకముందే, "హాల్లో కొక్కెం మార్పించుకున్నారా అమ్మా?" అని అడిగారు. "మార్పించామండీ" అన్నాను. ఎప్పుడు మార్పించామో చెప్పలేకపోయాను. టీ తాగి వచ్చేశాను.

ఈ వీలునామాలో ఆయనకు ఏ వస్తువూ రాయలేదు. మరిచిపోయి కాదు. ఆయన్ను సాక్షిగా రమ్మని అడిగాను, వస్తానన్నారు. సంతకానికి ముందు దీన్ని మొదటి నుంచి చివరి దాకా ఆయనకు చదివి వినిపించమని వకీలు గారితో చెప్పాను. నాలుగో అంశం చదివేటప్పుడు నేను హాల్లోనే, ఆయనకు ఎదురుగా కూర్చుంటాను.

ఇంతకు మించి నాకు ఆస్తి లేదు. పైన రాసినదంతా నా ఇష్టప్రకారం, నా చేత్తో రాసింది.

తేదీ: 14-3-2024, గురువారం, ఉదయం పదకొండు గంటలు. ఇదే ఇంటి హాల్లో.

(సంతకం)
వీలునామా రాసిన మనిషి

సాక్షులు:

1. (సంతకం) ఎదురింటి దర్జీ. మేమిద్దరం చూస్తుండగానే ఆవిడ సంతకం చేశారు.

2. (సంతకం) ఈ ఇంటిని వీరికి అమ్మిన కాంపౌండరును. మొత్తం చదివించుకుని విన్నాను. ఆ రోజు కవరు ఇచ్చి ఊరుకోకుండా నోటితో కూడా చెప్పవలసింది. ఆ తప్పు నాది. బల్బులు పట్టుకెళ్ళడం మాత్రం పిసినారితనమే, ఒప్పుకుంటున్నాను. దర్జీ గారి స్టూలు తెప్పించి, వకీలు గారిని ఎక్కించి, హాల్లో కొక్కెం లాగి చూడమన్నాను. గట్టిగా ఉంది.