నేను రాయని సగం వాక్యం

మార్చి 11, మంగళవారం సాయంత్రం

అమ్మకు,

నీ పెద్ద కూతురు నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ నేను కులాసా. నువ్వూ అమ్మమ్మా కూడా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఈరోజు పొద్దున్నే జరిగిన వింత ముందు చెప్పాలి. ఆఫీసులో అడుగు పెట్టేసరికి సూపరింటెండెంటు గారు అందరినీ నిలబెట్టి నా రిపోర్టు పైకి చదువుతున్నారు. "చూడండయ్యా, మూడు నెలల క్రితం వచ్చిన పిల్ల! ఒక్క మాట ఎక్కువ లేదు. రిపోర్టంటే ఇలా ఉండాలి. రేపు కమిటీ ముందు నువ్వే చదవమ్మా" అన్నారు. హెడ్ వార్డరు ఊరుకుంటాడా? "పంతులమ్మా, నీ రిపోర్టులు చదివితే దొంగలక్కూడా బడికి పోవాలనిపిస్తోంది" అన్నాడు. రిజిస్టర్లలో తప్పులు దిద్దుతానని నాకు ఆయన పెట్టిన పేరది. అందరూ నవ్వారు. నేను మాత్రం నవ్వలేకపోయాను. ఎందుకో చెబుతాను. ముందు నీ ప్రశ్నలకు జవాబులు.

వేళకే తింటున్నాను. గది కిటికీకి గడియ వేయించాను. పరీక్షలు జూన్‌లో. "జైల్లో నీకేం పనే, తాళాలు వేస్తావా?" అని అడిగావు. తాళాల జోలికి పోనమ్మా. చదువులో భాగంగా ఆరు నెలలు పనిచేయాలి కదా, నన్ను పర్యవేక్షణ విభాగంలో వేశారు. జిల్లా జైలంటే గోడలూ ఊచలూ అనుకున్నాను గానీ, సగం జైలు గోడ బయటే నడుస్తోంది. నడవడి బాగున్న ఖైదీలను పొద్దున ఏడింటికి బయట పనులకు పంపుతారు. సాయంత్రం ఆరింటికల్లా వాళ్లు తిరిగొచ్చి, తాగలేదని గేటు దగ్గర గొట్టంలోకి ఊది, లోపలికి రావాలి. మధ్యలో ఎప్పుడో ఒకప్పుడు మేము పనిచోటికి ఫోన్ చేస్తాం. మనిషి అక్కడ లేకపోతే రిపోర్టు రాస్తాం. రిపోర్టు వెళ్లిందా, బయటి పని ఆగిపోతుంది. మిగిలిన శిక్షంతా లోపలే గడపాలా అన్నది కమిటీ తేలుస్తుంది. ఇదంతా ఒక కాగితం మీద నాలుగు వాక్యాలతో జరిగిపోతుంది. మాటలకు ఇంత బలముందని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

ఇక నీ ఆఖరి ప్రశ్న. "వాడు ఆ జైల్లోనే ఉన్నాడా?" అని రెండు ఉత్తరాలుగా అడుగుతున్నావు. పోయినసారి లేడని రాశాను. అది అబద్ధం. ఉన్నాడు.

నేను చేరిన రెండో వారంలోనే వాడి ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. తాగి లారీ నడపడం, సైకిలు మీద వెళ్తున్న రంగుల పనివాడి మరణం. నాన్న బతుకంతా ఆ కాగితంలో 'రంగుల పనివాడు' అయిపోయింది. బాధితులకు బంధువులమైతే ఆ సంగతి చెప్పి ఫైలు వదులుకోవాలి, అదీ ఇక్కడి నియమం. నేను చెప్పలేదు. ఫైలు సొరుగులో పెట్టుకున్నాను.

వాడిని ఇక్కడ అందరూ 'బాబాయ్' అంటారమ్మా. వార్డర్లు కూడా. వాడు ఊళ్లో ఒకావిడ నడిపే వడ్రంగి షెడ్డుకు వెళ్లి పని నేర్చుకుని, వీళ్ల ఇళ్లల్లో విరిగిన కుర్చీలన్నీ బాగుచేసి పెట్టాడు. గేటు దగ్గర నన్ను చూస్తే "ఏమ్మా, తిన్నావా?" అంటాడు. నాన్న అడగాల్సిన మాట! ఒళ్లు మండిపోయేది. నాన్న డబ్బాలోంచి ఒలికిన నీలం రంగు ఏడాదిదాకా రోడ్డు మీదనుంచి పోలేదు. మనం ఆ వీధి తప్పించి ఎంత దూరం చుట్టూ తిరిగి వెళ్లేవాళ్లమో వీడికేం తెలుసు?

పోయిన గురువారం మధ్యాహ్నం షెడ్డుకి ఫోన్ చేశాను. యజమానురాలు ఎత్తింది. "లేడమ్మా, ఉలి జారి చెయ్యి తెగింది. రక్తం ఆగకపోతే నేనే ఆసుపత్రికి పంపాను. మీకు చెబుదామనుకునేలోపు మీరే చేశారు" అంది. దెబ్బ తగిలితే యజమాని అలా పంపవచ్చు, తప్పు లేదు. నేను రాసిందేమిటో తెలుసా? "మధ్యాహ్నం రెండుంబావుకు ఫోన్ చేయగా, అతడు పనిచోట లేడని యజమానురాలు తెలిపారు." అక్కడ చుక్క పెట్టాను. ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. ఆ చుక్క పెడుతుంటే ఎంత హాయిగా ఉందో నీకు చెప్పలేనమ్మా. ఆ సాయంత్రమే బయటి పని ఆపి వాడిని జైలు గదిలో వేశారు. చేతి కట్టు చూపించి మొత్తుకున్నాడట. "ప్రతివాడికీ ఒక కథ ఉంటుంది బాబాయ్, మాకు రిపోర్టులో ఉన్నదే లెక్క" అన్నాడట హెడ్ వార్డరు.

ఈరోజు భోజనాల వేళ ఆ యజమానురాలు వచ్చింది. ఆఫీసులో నేనొక్కదాన్నే ఉన్నాను. చీర కుచ్చిళ్ల నిండా రంపపు పొట్టు.

"ఆరోజు ఫోన్లో మాట్లాడింది మీరే కదూ?"

"నేనేనండీ."

"మరి అంత స్పష్టంగా చెప్పాను కదమ్మా! ఇంకా ఎవరితో చెప్పాలో చూపించండి. సంతకం పెట్టమన్నా పెడతా."

"రేపు కమిటీ కూర్చుంటుందండీ. పదకొండింటికి రండి."

"చల్లగా ఉండమ్మా, మీరైనా దారి చూపారు" అని వెళ్లిపోయింది.

కమిటీ తొమ్మిదింటికి అమ్మా. పదకొండుకల్లా అంతా అయిపోతుంది. గురువారం రాసింది సగం నిజం, ఈరోజు చెప్పింది నిండు అబద్ధం. అదీ నన్ను దీవించి వెళ్లిన మనిషికి.

నాకు వాడి మీద జాలి కలిగిందనుకుంటావేమో. రవ్వంత కూడా లేదు. నా మంటంతా వేరు. నా సగం వాక్యంతో వాడు లోపల పడితే, ఏదో ఒకరోజు నిజం బయటికొస్తుంది. అప్పుడు వాడే అన్యాయమైపోయినవాడు అవుతాడు. "పాపం బాబాయ్" అంటారు. నాన్నను ఒక్కరూ 'పాపం' అనని ఈ చోట, ఆ మాట వాడికి నా చేతులతో ఇవ్వనా? చస్తే ఇవ్వను. వాడు అనుభవించాల్సింది నాన్నను చంపినందుకు, నా చుక్క వల్ల కాదు.

ఇక్కడ ఇంకో నియమం ఉంది. బాధితుల ఇంటివాళ్లు కమిటీ ఎదుట, ఖైదీ వింటుండగా, ఐదు నిమిషాలు మాట్లాడవచ్చు. ఈ ఉద్యోగపు బల్ల వెనక ఉన్నంతకాలం నాకు ఆ ఐదు నిమిషాలు లేవు. నిజం చెబితే ఈ బల్ల పోతుంది, ఈ ఏడాది చదువూ పోవచ్చు. నిన్ను అడక్కుండానే నిర్ణయించుకున్నందుకు తిట్టు, పడతాను. వాడికి మళ్లీ బయటి పని దొరకవచ్చు కూడా. దొరకనీ. అందరి ఎదుటా, సైకిలుకు కట్టిన నాన్న నిచ్చెన లారీ కింద ఎలా విరిగిందో, నువ్వు ఎన్ని నెలలు నోరు విప్పలేదో, నేను చెబుతుంటే వాడు తల దించుకోకుండా వినాలి. ఆ తర్వాత ఎవరి నోటికి బాబాయ్ అన్న మాట వస్తుందో చూస్తాను. ఆ ఐదు నిమిషాల మాటలూ ఇందాకే రాశాను. ఒక్కటీ సగంలో ఆపలేదు.

రేపు ఏడింటికే వెళ్తాను. ముందు షెడ్డుకి ఫోన్ చేసి ఆవిడను తొమ్మిదిలోపు రమ్మంటాను. ఎనిమిదింటికి సూపరింటెండెంటు గారి తలుపు తట్టి, ఫోన్లో విన్నదంతా, నేనెవరి కూతురినో, రెండూ చెబుతాను. ఫైలున్న నా సొరుగు తాళంచెవి ఆయన బల్ల మీద పెట్టేసి, కమిటీ గదిలో బాధితుల వైపు కుర్చీలో కూర్చుంటాను.

ఇట్లు,
నీ పెద్దది