డాక్టరు చెప్పిన అవసరం

పొదటూరుపేట

బావా,

అక్కతో చెప్పి పంపితే నువ్వు ఇంకోలా అర్థం చేసుకుంటావని ఉత్తరమే రాస్తున్నాను. పుత్తూరువాడివి, నీకు తమిళం సరిగా రాదని ఒప్పుకుంటే నీ మీసమేమీ రాలిపోదు.

ఆ రోజు తిరువళ్లూరులో నేను బయట బరువు చూసుకుంటున్నాను. లోపల మనసు జబ్బుల డాక్టరు నా ఓలాంజపిన్ మాత్రల గురించి నీతో, "మాత్తిరై నిరుత్త అవసరం వేండాం" అన్నాడట. ఆపడానికి తొందరపడొద్దని. తమిళంలో అవసరమంటే తొందర, బావా! నువ్వేమో బయటికొచ్చి, "మాత్రలు అవసరం లేదంట్రా, నీకు నయమైపోయిండాది" అని జిలేబీలు పంచావు. ఆ మాత్రలతో పదకొండు కిలోలు పెరిగినవాణ్ణి, వెంటనే నమ్మి ఆపేశాను.

మూడో వారానికి మగ్గం నన్ను తమిళంలో తిట్టడం మొదలుపెట్టింది. దానికి నీకంటే మంచి తమిళం వచ్చు. అక్క అన్నంలో విషం కలిపిందని గిన్నె ఆమె మీదికి విసిరాను. అదొక్కటీ నవ్వుకునే సంగతి కాదు.

మళ్లీ మాత్రలు వేసుకుంటున్నాను. మగ్గం నోరు మూసుకుంది, పొట్ట ముందుకొచ్చింది. పొట్టతో బతకొచ్చు.

మంగళవారం మళ్లీ చూపించుకోవాలి. ఒక్కణ్ణే కూర్చుంటే డాక్టరుకు అన్నీ బాగున్నాయని అబద్ధం చెప్పేస్తాను. నీ మీద కోపం పోలేదు. అయినా నువ్వు రావడం అవసరం. ఈ మాటను తెలుగులో చదువుకో, తమిళంలో చదువుకో. ఈసారి రెండూ ఒప్పే.

నీ లావు బామ్మర్ది