చొక్కా జేబులో దొరికిన బోదకాలు మాత్రలు

ఏమండీ,

బల్ల మీద మళ్ళీ కొత్తవి పెట్టాను. అన్నం తిన్నాక అత్తయ్య ఎదురుగా మింగి, నోరు తెరిచి, నాలుక పైకెత్తి చూపించండి. ఆవిడకి చెప్పే వెళ్తున్నాను. నిన్న మింగేశానన్నవి పొద్దున బట్టలు ఉతుకుతుంటే మీ చొక్కా జేబులో దొరికాయి మహానుభావా!

పోయినేడు వచ్చిన జ్వరమూ దురదా ఈ మాత్రల విషం వల్ల కాదు. ఒంట్లో పురుగులు చస్తుంటే మీ రక్తం వాటితో కలబడింది. మీ రక్తానికున్న పౌరుషం మీకు లేకపోయె! మళ్ళీ జ్వరమొస్తే మందుల డబ్బాలో బిళ్ళ ఉంది, వేసుకోండి. పోయినేడులా వీధికెక్కకండి.

మిగతా ఇళ్ళకి మాత్రలు పంచడానికి వెళ్తున్నాను.

ఇంకో మాట. ఎవరైనా నా కళ్ళముందు మింగితేనే రిజిస్టర్లో టిక్కు పెడతాను. మూడొందల మందిలో చూడకుండా పెట్టింది మీ ఒక్కరికే.