అరటిపండు దారం

చిరంజీవి మేనకోడలికి అత్త దీవెనలు.

ఫోనులో నా గొంతు నీకు వినపడదు. గట్టిగా మాట్లాడదామంటే మీ కాలేజీ లాబ్‌లో అందరూ వింటారు. అందుకే ఇన్నేళ్ళకి కలం పట్టాను. ఆటలమ్మ తగ్గేదాకా నువ్వు మంచం దిగకు. నీ ప్రాజెక్టు పని నేను చూసుకుంటాను.

గాజు సామాను కడగడం అయ్యాక ఫ్రిజ్‌లోంచి నీ గాజు గొట్టం తీసి వెలుతురుకి పట్టాను. అరటిపండు గుజ్జులో ఉప్పు, సబ్బు, చల్లటి స్పిరిట్ పోసి నువ్వు తీసిన డీఎన్‌ఏ తెల్లటి దారంలా తేలుతోంది. మూడు సెంటీమీటర్లన్నావు. స్కేలు పెడితే నాలుగుంది.

నీ అత్త

తా.క. మూత తియ్యగానే నా వైపు తిరిగింది. నీకన్నా నయం.

అత్తయ్యకి నమస్కారాలు.

అది పెరగదు అత్తయ్యా! దానికి ప్రాణం లేదు. చల్లగా దాచితే నెలైనా కొలత మారదని చూపించడమే నా ప్రాజెక్టు. మారిందంటే మార్కులూ పోతాయి, ఏడాదీ పోతుంది. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ కొలువు.

నీ కోడలు

తా.క. దాంతో కబుర్లు పెట్టుకోకు.

చిరంజీవికి దీవెనలు.

కళ్ళజోడు పెట్టుకున్నాను. ఏడు సెంటీమీటర్లు.

కబుర్లు చెప్పలేదమ్మా. పని చేసుకుంటూ దేవుడి పాట మెల్లగా పాడుకుంటాను, అంతే. పాడినంతసేపూ అది ఊగుతుంది. ఆపితే ఆగుతుంది. ఇవాళ లోపలినుంచి గాజుని తడుముతోంది, చీకట్లో స్విచ్ కోసం వెతికినట్టు.

నీ అత్త

తా.క. ప్రాణం లేదన్నావు. మరి ఆకలెందుకే?

అత్తయ్యా,

నమస్కారం తర్వాత. ఆకలేమిటి? ఏం పెట్టావు దానికి? నిజం చెప్పు!

కోడలు

తా.క. వేలు మాత్రం లోపల పెట్టకు.

చిరంజీవికి దీవెనలు.

అబద్ధం నా నోట రాదు. నా టిఫిన్ డబ్బాలోని అరటిపండు రోజూ గోరంత మెదిపి వేశాను. తల్లి పండునుంచి వేరు చేశారు కదా, ఊరికే చూస్తూ ఎలా ఉండను?

నీ ఏడాది నా చేతులారా పోగొట్టానని ఏడ్చుకుంటూ మీ ప్రాజెక్టు సారు దగ్గరికి వెళ్ళి ఒప్పుకున్నాను. సారు లేచి తలుపు వేశారు. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన ఫ్రిజ్ కింది అర లాగారు. అందులో పెద్ద సీసా. తెల్లటి దారం చుట్టలు చుట్టుకుని మూతదాకా ఉంది. చీటీ మీద ఆయన చదువుకునే నాటి తారీఖు.

"మెదిపి పెడుతున్నారా అమ్మా? మంచిది. మొదట్లో నేను ముక్కలు వేసి తప్పు చేశాను. పాపం, అరగలేదు," అన్నారు.

నీ ప్రాజెక్టు పుస్తకంలో మూడు సెంటీమీటర్లని ఆయనే రాసి సంతకం పెట్టారు. నువ్వు పాసయ్యావు. వచ్చే నెల ఆయన రిటైరవుతున్నారు. సీసా ఎవరికి అప్పగించాలా అని నిద్రపట్టేది కాదట. లాబ్‌లో నా పాట విన్నాక బెంగ తీరిందట.

నీ అత్త

తా.క. ఆ సీసాలోది ఏ పండు సారూ అని అడిగాను. పండు కాదమ్మా అన్నారు. మన ఈ ఉత్తరాలు భద్రంగా దాచు తల్లీ, ఎవరికీ చూపించకు.