గడి గేటు దగ్గర చెప్పులు

అన్నా,

ఈరోజు నీ వర్ధంతి. దొర గడి ముందు ఊరంతా చెప్పులు చేతబట్టుకుని నడిచే రోజుల్లో, నువ్వు సంఘం పెట్టి, చెప్పులేసుకుని నడిచావు. అందుకే దొర మనుషులు నిన్ను చంపారు. ఆనాడు నీ పక్కన నడిచిన యాదగిరి ఇప్పుడు పెద్ద నాయకుడు. ఆ గడినే కొనుక్కుని అందులో ఉంటున్నాడు.

నీ స్థూపం కూలిపోతోందని అతనికి చెబుదామని, కోడేరు బస్సు దిగి ఆ గడికే వెళ్లాను. గేటు మనిషి ఒక ముసలాయనను కసురుతున్నాడు. "చెప్పులతోని యాడికి పోతున్నవ్? సారు గుస్స అయితడు!"

నాకు రోత పుట్టింది. థూ, ఈ యాదగిరి కోసమా నువ్వు చచ్చింది అనుకున్నాను.

అంతలో గేటు మనిషి మెచ్చుకోలుగా నన్ను చూపించాడు. "గీ అవ్వను జూడు. తొవ్వలనే ఇడిసి చేతుల పట్టుకొనొచ్చింది."

చేతిలోకి చూసుకున్నాను. ఎప్పుడు విడిచానో తెలియదన్నా.