తొమ్మిదో పాఠం దగ్గర ఆగినవాళ్లు

వయోజన విద్యాశాఖ సహాయ అధికారి గారి సముఖమునకు, ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే కార్మికుడు సమర్పించుకునే అర్జీ.

అయ్యా,

విషయం: లాండ్రీ వెనక గదిలో నడిచిన వయోజన విద్యా కేంద్రమును తిరిగి తెరిపించుట గురించి, మరియు నాకు చదువు వచ్చినట్లు ఇచ్చిన ధ్రువపత్రమును రద్దు చేయుట గురించి.

అర్జీ ఏదైనా 'అయ్యా' అనే మొదలుపెట్టాలని మాకు నేర్పింది తమరే. అవతల కూర్చున్నది ఆడ ఆఫీసరైతే ఏమనాలో ఆ పాఠం దాకా మనం వెళ్లలేదు. నిన్నమొన్నటి దాకా టీచరమ్మా అని పిలిచిన నోటితో ఇప్పుడేమని పిలవాలో తోచక, నేర్పినట్టే ఉంచాం. నేను చెబుతుంటే రాస్తున్నది ప్యాకింగ్ బల్ల దగ్గర పనిచేసే కోడలుపిల్ల. అత్త కూడా మాతోనే పనిచేస్తుంది కాబట్టి అందరికీ ఆమె కోడలుపిల్లే. మా అందరిలో నిజంగా చదువొచ్చింది ఆమె ఒక్కదానికే.

1. తమకు విన్నవించుకొనునది ఏమనగా, సదరు కేంద్రము మాకు అక్షరాలు నేర్చుకునే చోటు మాత్రమే కాదు. డ్యూటీ దిగాక తిన్నగా ఇంటికి వెళ్లడానికి మనసొప్పని వాళ్లందరికీ అదే ఇల్లు. నా భార్య పోయాక పనికి సంబంధం లేని మాట నాతో ఎవరైనా మాట్లాడారంటే అది ఆ గదిలోనే. ఈ అత్తాకోడళ్లు ఇంట్లో ఎడమొహం పెడమొహంగా ఉండేవాళ్లు. తమరు ఇద్దరికీ కలిపి ఒకే పుస్తకం ఇచ్చి మధ్యలో పెట్టుకోమన్నారు. మొదట్లో చెరోవైపు లాక్కునేవాళ్లు. తర్వాత్తర్వాత అత్త తడబడితే కోడలు అందించేది, కోడలు తొందరపడితే అత్త మందలించేది. ఇంటికి కూడా కబుర్లాడుకుంటూ వెళ్లేవాళ్లు. గదికి తాళం పడ్డాక మళ్లీ ఎవరి గిన్నె వాళ్లదే. "ఇది కూడా రాయాలా బాబాయ్?" అని కోడలుపిల్ల అడుగుతోంది. రాయమన్నాను.

2. తనిఖీ విషయము. తనిఖీకి ముందు తమరు మొహం వేలాడేసుకుని వచ్చి, "పెద్దాఫీసరు వస్తున్నారు. మీరు చదవలేదంటే నన్ను తీసేస్తారు" అన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు. బట్టీ పట్టమని తమరు చెప్పలేదని నేను ఎక్కడైనా ఒప్పుకుంటాను. మా టీచరమ్మ పొట్ట కొట్టకూడదని మా అంతట మేమే అనుకున్నాం. కోడలుపిల్ల తొమ్మిదో పాఠం చదివి వినిపిస్తుంటే, మెషీన్ల రొదలో గొంతు చించుకుని అందరం అప్పజెప్పుకున్నాం. "అక్క సంచి సర్దుకుంది. అక్క బస్సు ఎక్కింది." నిద్రలో లేపినా ఇప్పటికీ చెబుతాను.

తనిఖీ నాడు పెద్దాఫీసరు మొదట నన్నే లేపారు. గడగడా మొదలుపెట్టాను. పాఠం రెండు పేజీలని, మధ్యలో పేజీ తిప్పాలని నాకు గుర్తే లేదు. మొదటి పేజీ మీద చూపు పెట్టి రెండో పేజీలోది అప్పజెబుతున్నాను. అప్పుడు తమరు మెల్లగా వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి, పేజీ తిప్పి వెళ్లారు. అంటే తమకు తెలుసు. టీచరమ్మ నన్ను కాపాడిందని ఆ రోజంతా మురిసిపోయాను.

3. తదుపరి జరిగినది. అందరికీ చదువు వచ్చేసినందున కేంద్రము అవసరము తీరినదని తేల్చారు. తమకు ఆఫీసులో కుర్చీ వచ్చింది. దానికి మేమేమీ ఏడవలేదు, చప్పట్లు కొట్టి సాగనంపాం. ఆ తర్వాత తలుపుకు అంటించిన ఉత్తర్వును కోడలుపిల్ల చదువుతుంటే కింద సంతకం చూశాను. మా పలకల మీద 'బాగుంది' అని రాసి కింద పెట్టే సంతకమే అది. ఇంకెవరు మూసినా ఇంత బాధ ఉండేది కాదమ్మా. పాపం వాళ్లకు తెలియదు అనుకునేవాళ్లం.

4. ధ్రువపత్రము వలన కలుగుచున్న ఇబ్బందులు. మురికి దుప్పట్ల మూట వస్తే, దానికి కట్టిన చీటీ చూసి ఏ వార్డుదో ఇదివరకు ఫోర్‌మన్ చెప్పేవాడు. అంటువ్యాధుల వార్డువి వేరే మెషీన్‌లో వేయాలి. ఇప్పుడు అడిగితే, "నీకు సర్టిఫికెట్ ఉందిగా, చూసుకో" అంటున్నాడు. మొన్న ఆ వార్డు మూట తీసుకెళ్లి పిల్లల వార్డు దుప్పట్లతో కలిపేశాను. మెషీన్ తిరగకముందే కోడలుపిల్ల చీటీ చూసి పరుగెత్తుకొచ్చింది కాబట్టి సరిపోయింది. ఇంకోసారి జరిగితే పనిలోంచి తీసేస్తానని ఫోర్‌మన్ అందరి ముందూ అన్నాడు. నాకు చదువు రాదయ్యా అన్నాను. "రాదంటే మరి సర్కారు అబద్ధమాడిందా?" అన్నాడు. దానికి జవాబు తమ దగ్గర ఉంది.

5. ఇది రాయనని కోడలుపిల్ల కలం పక్కన పెట్టేసింది. "ఆఫీసరు గారికి ఇలా రాస్తారా ఎవరైనా? ఆవిడకు కోపం వస్తే ఉన్నది కూడా పోతుంది" అంటోంది. పోవడానికి ఏం మిగిలిందమ్మా అన్నాను. మళ్లీ కలం తీసుకుంది. టీచరమ్మా, మీ ఉద్యోగం పోవాలని మాకు లేదు. మేం బట్టీ పట్టిందే మీ ఉద్యోగం కోసం. ఆ ఉద్యోగంలో కూర్చునే మీరు మా గదికి తాళం వేయించారు. ఆ రోజు పేజీ తిప్పింది నా కోసం అనుకున్నాను. మీ కోసం తిప్పుకున్నారు. ఇంత నమ్మించి ఇలా చేస్తారా?

కావున, సదరు కార్మికునికి చదువు రాదని, వచ్చినట్లు చూపినది నిజము కాదని పైవారికి ఒక్క ముక్క రాసి, గది తెరిపించవలసినదిగా ప్రార్థన. పాఠం చెప్పడానికి తమరే రానక్కర్లేదు, ఎవరు వచ్చినా సరే. ధ్రువపత్రము ఇందుతో జతపరచడమైనది. గోడకు కొట్టుకున్నాను గనుక పైన మేకు చిల్లు ఉంది, మన్నించాలి.

మొదటి నుంచి చివరి దాకా, పేజీ తిప్పి మరీ, చిత్తగించవలెను.

ఇప్పటికీ తమ విధేయుడు,
దుప్పట్ల కార్మికుడు
(వేలిముద్ర. సంతకం తమరు నేర్పారు, పెట్టగలను. పెడితే చదువొచ్చిందంటారని పెట్టలేదు.)

తా.క.: నిన్న సాయంత్రం డ్యూటీ దిగి, అలవాటు కొద్దీ ముగ్గురం గది దగ్గరికే వెళ్లాం. తాళం ఉంటే మెట్ల మీద కూర్చున్నాం. అత్త ఉన్నట్టుండి, "ఇంతకీ ఆ బస్సెక్కిన అక్క ఎక్కడ దిగిందే?" అని కోడలిని అడిగింది. "అది పదో పాఠంలో ఉంటుందత్తమ్మా. పుస్తకాలన్నీ లోపలే ఉండిపోయాయి" అంది కోడలుపిల్ల. "టీచరమ్మ వచ్చాక చెబుతుందిలే" అన్నాను నేను. నోటికి అలవాటైన మాట, అలా వచ్చేసింది. ఇద్దరూ నా మొహం చూసి తల దించుకున్నారు.