రాళ్ళ గుట్టకు పదడుగుల దూరంలో

ఇష్‌బెల్ అక్కకు,

వాళ్ళమ్మ దగ్గర్నుంచి పిల్లలు వచ్చి వారమైంది. కోటకూ, పడవ షికారుకూ నేను వేసిన పథకాలు వానకు కొట్టుకుపోయాయని అందరికీ చెబుతున్నాను.

నిన్న మాత్రం ఎండ కాసింది. మన స్కాట్లండ్ పెద్ద కొండలన్నిటిలో నేనెక్కాల్సింది ఒక్కటే మిగిలింది కదా, దానికి బయల్దేరదామన్నాను. చివరి కొండ అయినవాళ్ళతోనే ఎక్కాలని ఆరేళ్ళుగా దాన్ని దాచుకున్నాను. రూరీ మంచం దిగలేదు. కత్రియోనా ఫోన్లోంచి తలెత్తకుండానే, "నువ్వెళ్ళిరా నాన్నా, పైనుంచి ఫోటో పెట్టు," అంది.

ముగ్గురికీ కట్టిన రొట్టెలు మోసుకుని ఒక్కణ్ణే వెళ్ళాను. శిఖరం మీది రాళ్ళ గుట్టను ముట్టుకుంటేనే ఎక్కినట్టు లెక్క. పదడుగుల దూరంలో ఆగి, వెనక్కి తిరిగాను. పైన మబ్బు కమ్మేసిందని పిల్లలకు చెప్పాను.

నిజానికి అక్కడినుంచి మీ దీవి మొత్తం కనిపించింది. వాళ్ళతో అనకు. వచ్చే వేసవికి ఆ కొండ ఇంకా మిగిలి ఉండాలి.

నీ తమ్ముడు